12 అంగుళాల తేడా

హైదరాబాద్ శివార్లలోని ఒక మందుల కర్మాగారంలో, నాణ్యత విభాగంలో పనిచేస్తున్న 37 ఏళ్ల పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. తన పేరు, కంపెనీ పేరు బయటపెట్టవద్దని కోరారు కాబట్టి విషయం మాత్రం చెబుతాను. ఆమె సొంతూరు తెనాలి దగ్గర. పన్నెండేళ్లుగా ల్యాబులో ఉద్యోగం కావడం వల్ల చుడీదార్ మీద తెల్లకోటు వేసుకుంటే సరిపోయేది. ఈ మధ్య పదోన్నతి వచ్చింది. ఇప్పుడు రోజులో సగం సేపు ఉత్పత్తి విభాగంలో, యంత్రాల మధ్య, ఇనుప మెట్లు ఎక్కుతూ దిగుతూ తిరగాలి. అక్కడ చున్నీ, వదులు కుర్తా పనికిరావు. ప్యాంటు, షర్టు తప్పనిసరి. కంపెనీ గుడ్డ ఇచ్చి కుట్టే పని ఒక కాంట్రాక్టరుకు అప్పగించింది. ఆయన పంపిన టైలరు కుర్తా మీదుగానే టేపు చుట్టి, నడుము, పొడవు రాసుకుని వెళ్లిపోయాడు. కుట్టి తెచ్చిన ప్యాంటు తొడల దగ్గర పట్టేసింది, నడుము వెనక పిడికిలి పట్టేంత ఖాళీ మిగిలింది, కింద బూట్ల మీద కుప్పగా పడింది. అలా కుట్టించుకున్న స్త్రీలు మొత్తం పదకొండు మంది. వారిలో ఒకరికి ప్యాంటు వెనక కుట్టు విడిపోతే సాయంత్రం వరకు ఎండలోనూ కోటు విప్పకుండా తిరిగారట.

ఆ తరువాత ఈమె ఒక మాల్‌కు వెళ్లి ఏడు ప్యాంట్లు వేసి చూశారు. తొడలు దాటి పైకి వచ్చినవి రెండే. అక్కడి అమ్మాయి "జెంట్స్ సెక్షన్‌లో చూడండి మేడమ్, అక్కడ పెద్ద సైజులుంటాయి" అన్నదట. ట్రయల్ రూములోనే కాసేపు కూర్చుండిపోయానని రాశారు. ఇంట్లో తానే కొలుచుకుంటే నడుము 32, సీటు 44 అంగుళాలు. ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. రెండు కాన్పులూ ఆపరేషన్లే కావడంతో ప్యాంటు పట్టీ సరిగ్గా ఆ పాత కుట్టు మీదే నొక్కుతోంది. "ముందు ఓ నాలుగు కిలోలు తగ్గు, తరువాత కుట్టించుకుందువు గాని" అని భర్త అంటున్నారు. "ఈ వయసులో ప్యాంటేమిటమ్మా" అని అత్తగారు. ఈ శరీరానికి సరిపోయే ప్యాంటు అసలు దొరుకుతుందా, లేక పాత పోస్టుకే పంపమని అడగాలా, ఇంట్లో వాళ్లకు ఏం చెప్పాలి అన్నవి ఆమె ప్రశ్నలు.

మీ ఉత్తరం చదివాక నేను మొదట చేసిన పని టేపు తీసుకుని నా బీరువాలోని మూడు ప్యాంట్లను మంచం మీద పరిచి కొలవడం. మూడింటి మీదా 34 అనే రాసి ఉంది. నడుము పట్టీ కొలిస్తే ఒకటి నిజంగానే 34, రెండోది 35న్నర, మూడోది 36కు కొంచెం పైనే వచ్చింది. కాబట్టి లోపలి చీటీ మీద ఉన్న అంకెను మీ గురించిన తీర్పుగా తీసుకోకండి. అది ఆ కంపెనీ తన సరుకుకు పెట్టుకున్న గుర్తు, అంతే. మన దేశానికి సొంత కొలతల పట్టిక లేక చాలా సంస్థలు విదేశీ పట్టికలనే కొద్దిగా మార్చి వాడుకుంటూ వచ్చాయి. అందుకే జాతీయ ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్ వారు 25,000 మంది స్త్రీ పురుషులను త్రీడీ స్కానర్లతో కొలవడానికి ఇండియాసైజ్ అనే సర్వే తలపెట్టారు. అందుకు ఎంచుకున్న ఆరు నగరాల్లో హైదరాబాద్ కూడా ఉంది. మీ ఇబ్బంది మీ ఒక్కరిదే అయి ఉంటే అంత పని పెట్టుకోవలసిన అవసరమే రాదు.

ఇక మీ కొలతలకు వద్దాం. నడుముకూ సీటుకూ మధ్య మీకు 12 అంగుళాల తేడా ఉంది. మగవారి ప్యాంటు కత్తిరింపులో ఈ తేడా సాధారణంగా ఆరేడు అంగుళాలే ఉంటుంది. ఆడవారి కోసం కుట్టే రెడీమేడ్ ప్యాంట్లలో తొమ్మిది, పది. మీ యూనిఫాం కుట్టిన టైలరు మీ సీటు కొలత అసలు తీసుకోలేదని మీరే రాశారు. తనకు అలవాటైన మగవారి కత్తిరింపులోనే మీ ఒళ్లు పట్టాలని సైజు పెంచుకుంటూ పోయి ఉంటాడు. 44 సీటుకు ఆ లెక్కలో నడుము 37 అవుతుంది, మీ నడుము 32. మీ వీపు వెనక మిగిలిన ఆ పిడికెడు ఖాళీ ఈ ఐదు అంగుళాలే. మాల్‌లోని అమ్మాయి మంచి మనసుతోనే చెప్పి ఉండవచ్చు కానీ, జెంట్స్ సెక్షన్‌లో మీకు సరిగ్గా ఇదే కష్టం, ఇంకాస్త ఎక్కువ ధరకు దొరుకుతుంది.

కుట్టు మీద పట్టీ నొక్కడం గురించి మీరు వేరే సమస్యగా రాశారు, పొట్ట తగ్గకపోవడమే కారణమని కూడా అనుకుంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు. ముందు పట్టీ నుంచి రెండు కాళ్ల మధ్యగా వెనక పట్టీ వరకు గుడ్డ ఎంత పొడవుందో అదే ప్యాంటుకు ప్రాణం. సీటు నిండుగా ఉన్నవారికి ఈ పొడవులో వెనక భాగం ఎక్కువ కావాలి. అది చాలనప్పుడు, కుర్చీలో కూర్చోగానే వెనక పట్టీ జారుతుంది, దానితో పాటు ముందు పట్టీ కూడా నాభి దగ్గరి నుంచి దిగి పొత్తికడుపు కింద, అంటే సరిగ్గా ఆపరేషన్ కుట్టు ఉన్న చోట, తిష్ఠ వేస్తుంది. మాటిమాటికీ షర్టు వెనక్కి లాక్కోవలసి వస్తోందని మీరు మూడో పేజీలో రాసినదీ, ఈ నొప్పీ ఒకే లోపం తాలూకు రెండు చివరలు. వెనక గుడ్డ ఒకటిన్నర, రెండు అంగుళాలు పెంచి, పట్టీని నాభి ఎత్తులో నిలబెడితే రెండూ చాలావరకు తగ్గాలి. మెత్తని బట్టలు వేసుకున్నప్పుడు కూడా అక్కడ నొప్పి, వాపు, గడ్డలా తగలడం వంటివి ఉంటే మాత్రం అది టైలరు పని కాదు, ఒకసారి స్త్రీల వైద్యురాలికి చూపించండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. మొదటిది రెడీమేడ్ కొని సరిచేయించుకోవడం. ఆడవారి కత్తిరింపులో సీటు, తొడలు హాయిగా పట్టే ప్యాంటు తీసుకుంటే నడుము దగ్గర మీకు మిగిలేది రెండు అంగుళాలు, మహా అయితే మూడు. రెండు అంగుళాల వరకు ఏ ఆల్టరేషన్ దుకాణంలోనైనా నడుము పట్టించగలరు. అంతకు మించి లాగితే వెనక జేబులు రెండూ ఒకదానినొకటి ముద్దు పెట్టుకుంటాయి, పక్క కుట్లు వెనక్కి తిరుగుతాయి. ఒక చిక్కు కూడా ముందే చెప్పాలి. మగవారి ప్యాంట్లలో నడుము పట్టీని వెనక మధ్యలో కలిపి కుడతారు, లోపల గుడ్డ కూడా వదులుతారు, కాబట్టి విప్పి సరిచేయడం తేలిక. ఆడవారి ప్యాంట్లలో చాలావాటికి పట్టీ ఒకే ముక్కగా ఉంటుంది, లోపల వదిలిన గుడ్డ అర అంగుళం కూడా ఉండదు. అందుకని బిగువుగా ఉన్నది కొని తరువాత వదులు చేయించుకుందామనే ఆలోచన పెట్టుకోకండి. వదులుగా ఉన్నది బిగించవచ్చు గానీ లేని గుడ్డను ఎవరూ తేలేరు.

ట్రయల్ రూములో నిలబడి అద్దంలో చూసుకోవడం పరీక్ష కాదు. అక్కడి స్టూలు మీద కూర్చోండి, ఒక కాలు ఆ స్టూలు మీదకు ఎత్తండి, గొంతుక్కూర్చుని లేవండి. మీ పని ఇనుప మెట్ల మీద కదా. పక్క జేబులు చేప మొప్పల్లా తెరుచుకుంటే సీటు చాలడం లేదని అర్థం. తొడల మొదట్లో అడ్డంగా గీతలు పడితే అక్కడ గుడ్డ తక్కువైంది. వెనక, సీటు కింద మడతలు వేలాడుతుంటే రెండు కాళ్లూ కలిసే చోట కత్తిరింపు కుదరలేదు, ఆ లోపాన్ని ఆల్టరేషన్‌తో సరిచేయడం కష్టం కనుక ఆ ప్యాంటును అక్కడే వదిలేయండి. గుడ్డలో స్పాండెక్స్ అనే సాగే దారం రెండు మూడు శాతం ఉంటే కూర్చోవడానికీ లేవడానికీ సుఖంగా ఉంటుంది. సాగాక మళ్లీ బిగియని రకం గుడ్డవి మొదటి పూట ఒంటికి అచ్చుపోసినట్టే ఉన్నా, మధ్యాహ్నానికి మోకాళ్ల దగ్గర సంచుల్లా సాగుతాయి.

మీ ఎత్తుకు కింద రెండు మూడు అంగుళాలు కత్తిరించక తప్పదు. కిందికి సన్నబడే ప్యాంటును అంత కత్తిరిస్తే మోకాలి వంపు మీ మోకాలికి కింద పడుతుంది, ఆకారం చెడుతుంది. మోకాలి నుంచి నిటారుగా దిగే రకం తీసుకుంటే ఆ బాధ ఉండదు. పైగా మీ శరీరానికి అదే హుందాగా ఉంటుందని నా అభిప్రాయం. కొలత ఇచ్చేటప్పుడు పనిలో వేసుకునే బూట్లే వేసుకుని నిలబడండి. వెనక అంచు మడమ దగ్గర నేలకు ఒక అంగుళం పైన ఆగాలి. మెట్ల మీద నడిచే మనిషికి ఇది అందానికి సంబంధించిన సంగతి కాదు.

రెండో దారి కుట్టించుకోవడం. 12 అంగుళాల తేడా ఉన్నవారికి చివరికి నిలిచేది ఇదేనని నా అనుభవం, అయితే మొదటి ప్యాంటు బాగా రాదని ముందే మనసు సిద్ధం చేసుకోవాలి. జెంట్స్ టైలరు జిప్పు, జేబులు, ఇస్త్రీ మడత చక్కగా చేస్తాడు గానీ, ఆయన చేతికి అలవాటైనది మగవాడి ఆకారం. లేడీస్ టైలరుకు నడుము దగ్గర టక్కులు పట్టడం వెన్నతో పెట్టిన విద్య, ముందు జిప్పు పెట్టడమే అలవాటు ఉండదు. ఈ రెండో వారి దగ్గరికి వెళితే ముందు జిప్పు వద్దని, పక్కకు జిప్పు పెట్టి ముందు భాగం నున్నగా వదలమని అడగండి. వారికి పని తేలికవుతుంది, మీకు పొత్తికడుపు మీద జిప్పు, గుండీల ఒత్తిడి తప్పుతుంది. ఆ పక్క జేబు పోతుందనుకోండి. అయితే ఉత్పత్తి విభాగంలోకి ఫోను ఎలాగూ తీసుకెళ్లనివ్వరని మీరే రాశారు. జెంట్స్ టైలరు దగ్గరికే వెళితే మాత్రం సీటు, తొడ, మోకాలు విడివిడిగా కొలవమని, వెనక భాగం ఎత్తు పెంచమని, వెనక రెండు వైపులా టక్కులు పెట్టమని, నడుము పట్టీని నిటారు ముక్కగా కాకుండా వంపు తిప్పి కత్తిరించమని నోరు విప్పి చెప్పాలి. నిటారు పట్టీ వంపు తిరిగిన ఒంటి మీద ఎంత బిగించినా పైఅంచు దగ్గర నోరు తెరుస్తుంది. వెనక పట్టీలో మాత్రం నాలుగైదు అంగుళాల మేర ఎలాస్టిక్ వేయించుకుంటే నెలసరి రోజుల్లో పొట్ట ఉబ్బినప్పుడు కూడా ఇబ్బంది ఉండదు. షర్టు కింద అది ఎవరికీ కనపడదు.

గుడ్డ సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో తీసుకున్నా, మీ వీధి చివర తీసుకున్నా, 58 అంగుళాల పన్నా ఉన్నదైతే మీ ఎత్తుకు మీటరున్నర సరిపోతుంది. పాలిస్టర్, విస్కోస్ కలిసిన గుడ్డ నలగదు. నూలు పాలు ఎక్కువ ఉన్నది తీసుకుంటే కత్తిరించక ముందే తడిపి ఆరవేసి ఇవ్వండి, లేకపోతే రెండో ఉతుకుకు పొడవు తగ్గుతుంది. ఒకేసారి మూడు ప్యాంట్లకు గుడ్డ ఇవ్వకండి. ఒకటి ఇచ్చి, నడుమూ పక్కలూ కచ్చా కుట్టు మీద ఉండగా వేసి చూసి, కూర్చుని లేచి, సరిచేయించి, రెండు వారాలు వాడాక మిగతా రెండూ ఇవ్వండి. లోపల ప్రతి పక్కా ఒక అంగుళం గుడ్డ వదలమని చెప్పండి. తొడలు రాసుకునే చోట లోపల అదే గుడ్డ ముక్క రెండో పొరగా వేయిస్తే ప్యాంటు ఆయుష్షు బాగా పెరుగుతుంది. మనవంటి వారి ప్యాంట్లు ముందు చిరిగేది అక్కడే కదా.

కుట్టిన ప్యాంటును తరువాత సరిచేయించుకోవచ్చన్నదే మీ వారి మాటకు కూడా జవాబు. నాలుగు కిలోలు తగ్గడం మంచిదే కావచ్చు, అది మీకూ మీ డాక్టరుకూ సంబంధించిన విషయం. కానీ తగ్గినప్పుడు నడుమూ సీటూ రెండూ తగ్గుతాయి, వాటి మధ్య తేడా అంత త్వరగా మారదు. ఇప్పుడున్న కత్తిరింపు అప్పుడు కూడా మీకు సరిపోదు. పైగా ఉద్యోగం రేపు ఉదయం ఉంది. తగ్గిన రోజున పక్క కుట్లు లోపలికి పట్టించుకోవచ్చని ఆయనకు చెప్పండి.

ఇక కంపెనీ సంగతి. మీరు ఒక్కరే సొంత ఖర్చుతో కుట్టించుకుంటే పని త్వరగా అయిపోతుంది, ఎవరితోనూ మాట పడక్కర్లేదు. కాకపోతే వచ్చే ఏడాది మళ్లీ అదే కాంట్రాక్టరు, అదే టేపు. పదకొండు మందీ కలిసి పరిపాలన విభాగానికి రాస్తే ఆలస్యం కావచ్చు, "ఆడవాళ్లకు బట్టల గొడవ" అని ఎవరో ఒకరు నవ్వవచ్చు కూడా. ఆ నవ్వుకు తావివ్వకుండా రాయడం మీ వృత్తిలో ఉన్నవారికి తెలిసిన విద్యే. ఫిర్యాదుగా కాకుండా, లోపాల నివేదికగా రాయండి: పదకొండు ప్యాంట్లలో ఎన్నింటికి సీటు కొలత తీసుకోలేదు, ఎన్ని అంచులు నేలకు తగులుతూ మెట్ల మీద కాలికి అడ్డం పడుతున్నాయి, ఎన్ని కుట్లు విడిపోయాయి. అడిగేది కూడా చిన్నదై ఉండాలి. స్త్రీల కొలతలు తీయడానికి ఒక స్త్రీ రావాలి, లేదా గుడ్డతో పాటు కుట్టు ఖర్చు చేతికిచ్చి ఎవరి టైలరు దగ్గర వారు కుట్టించుకోనివ్వాలి. రెండోది ఒప్పుకోవడం వారికి తేలిక అని నా అంచనా.

పాత పోస్టుకు తిరిగి వెళ్లడం కూడా మీ చేతిలో ఉన్న దారే, అది తప్పని నేను అనను. కానీ ఉత్తరం నాలుగో పేజీలో, మొదటి వారంలోనే ఒక యంత్రం దగ్గర లేబుళ్లు తారుమారైన సంగతి మీరు పట్టుకున్న వైనం అర పేజీ రాశారు. ఈ ఆరు పేజీల్లో మీ చేతిరాత స్థిమితంగా ఉన్నది ఆ అర పేజీలోనే. సరిపోయే ప్యాంటు ఒకటి వేసుకుని కనీసం మూడు నెలలు ఆ పని చేసి చూశాక కూడా వద్దనిపిస్తే అప్పుడు అడగండి. అప్పుడు మీరు వదులుకునేది పనిని అవుతుంది, ఇప్పుడైతే ఒక కాంట్రాక్టరు కత్తిరింపు కోసం వదులుకున్నట్టవుతుంది.

అత్తగారి గురించి మీరు రెండు మాటలు రాశారు. మొదటిది "ఈ వయసులో ప్యాంటేమిటమ్మా" అన్నది. దీనికి కొందరు బస్సులో చుడీదార్‌తో వెళ్లి కర్మాగారంలో మార్చుకుంటారు. ఇంట్లో మాట రాదు, కానీ రోజూ పావుగంట పోతుంది, దాచుకుని తిరుగుతున్నామనే బరువు మనసు మీద ఉంటుంది. పొడవాటి షర్టు పైన వదిలేసి వెళ్లడం మధ్యేమార్గం. యంత్రాల దగ్గర చున్నీ ఎందుకు వద్దంటారో ఆవిడకు విడమరిచి చెప్పారా లేదా అన్నది ఉత్తరంలో లేదు. చెప్పకపోయి ఉంటే ముందు అది చెప్పండి.

రెండోది ఆఖరి పేజీలో, ఒక నేరంలా రాశారు: యూనిఫాం వచ్చిన మర్నాడు ఉదయం చూస్తే ప్యాంటు హుక్కు ఒకటిన్నర అంగుళం జరిగి ఉందని, మీకు చెప్పకుండా మీ బట్ట ముట్టుకున్నారని. ఆవిడ ఒకప్పుడు కాలనీలో అందరికీ జాకెట్లు కుట్టేవారని కూడా అంతకు ముందు పేజీలోనే రాశారు. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చదవండి. ప్యాంటు వద్దనుకున్న మనిషి రాత్రి కళ్లజోడు పెట్టుకుని, వదులుగా ఉన్న నడుమును గమనించి, హుక్కు విప్పి, జరిపి, మళ్లీ కుట్టదు. అడగకుండా చేయడం మీకు నచ్చకపోవడం న్యాయమే, అది కూడా ఆవిడతో చెప్పవచ్చు. కానీ పరాయి మగవాడి చేత తొడ కొలిపించుకోలేక సగం కొలతలు ఇవ్వకుండానే వచ్చేశానని రాసిన మీకు, కొలతలు తీయడం తెలిసిన మనిషి ఇంట్లోనే ఉన్నారు.

ఆదివారం మధ్యాహ్నం పల్చటి లెగ్గింగ్ వేసుకుని నిలబడండి. నాభి ఎత్తులో ఒక దారం కట్టుకోండి, నడుము అక్కడ కొలవాలి. సీటు అన్నింటికంటే నిండుగా ఉన్న చోట, తొడ మొదట్లో, మోకాలి దగ్గర, దారం నుంచి బూటు మడమ వరకు కొలతలు రాసుకోండి. ముందు దారం నుంచి కాళ్ల మధ్యగా వెనక దారం వరకు తీసే కొలత ఒక్కరి వల్ల కాదు, టేపు ఒక కొస మీరు ముందు పట్టుకుంటే రెండో కొస వెనక దారం దగ్గర ఇంకొకరు పట్టుకోవాలి. ఆ కొస పట్టుకోమని ఆవిడను అడగండి. వచ్చిన అంకెలన్నీ ఒక చీటీ మీద రాసి, టైలరుకు ఇచ్చే ముందు ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.